చేప పిల్లల్ని వదలడం ఆపేశాక: ఒరెగాన్ తీరంలో ఒక చిన్న ఏటి కేస్ స్టడీ

జనవరి మొదటి వారం. మూడు రోజులు పట్టిన ముసురు అప్పుడే తెరిపిచ్చింది. ఏటి నీళ్లు పలుచటి టీ రంగులోకి దిగి, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. గుడ్లు పెట్టడానికి ఏటెక్కే చేపల్ని లెక్కపెట్టడం మా పని, దానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఛాతీదాకా వచ్చే రబ్బరు సూటు తొడుక్కుని, నీటి మెరుపును కోసే కళ్లద్దాలు పెట్టుకుని దిగువ నుంచి ఎగువకు నడుస్తున్నాను. వంపు తిరగ్గానే రెండు కోహో సాల్మన్లు. ఆడది పక్కకు ఒరిగి తోకతో రాళ్లను కొడుతూ గుడ్లకు గుంట తవ్వుకుంటోంది. మగది ఒళ్లంతా ఎర్రబడి, మూతి కొక్కెంలా వంగిపోయి, దాని వెనకే కాపలా కాస్తోంది.

ఒడ్డు వెంట కుక్కతో నడుస్తున్న పెద్దాయన ఒకరు ఆగి చూశారు. నలభై ఏళ్లుగా ఆ ఏట్లో గాలం వేస్తున్న మనిషి. "జనవరిలో కోహోనా? థాంక్స్‌గివింగ్ నాటికే అయిపోయేవి కదా ఇక్కడ!" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసిన నలభై ఏళ్లలో ముప్పై దాకా హేచరీ చేపల ఏళ్లే, అంటే షెడ్డులో గుడ్లు పొదిగించి, పెంచి, ఏట్లోకి వదిలిన చేపల ఏళ్లు. నవంబరు నెలాఖరుకు అయిపోయేది ఏటి సీజన్ కాదు, హేచరీ సీజన్. ఆ రెండింటికీ తేడా ఉందని ఊళ్లో చాలామందికి తెలియకుండానే ఒక తరం గడిచిపోయింది.

ఏరు, చేప

ఈ ఏటి పేరే సాల్మన్ రివర్. అమెరికాలో ఈ పేరున్న నదులు చాలా ఉన్నాయి. నేను చెప్పేది ఒరెగాన్ రాష్ట్రంలో, లింకన్ సిటీకి కాస్త ఉత్తరాన, కాస్కేడ్ హెడ్ అనే కొండకొమ్ము పక్కన పసిఫిక్‌లో కలిసేది. దీనికి నీళ్లిచ్చే నేలంతా కలిపినా సుమారు 194 చదరపు కిలోమీటర్లు. గోదావరి గట్టున పుట్టినదాన్ని కాబట్టి మొదటిసారి చూసినప్పుడు దీన్ని నది అనడానికి నాకు నోరు రాలేదు. మా ఊరి పంట కాలువ కన్నా కొంచెం వెడల్పు, అంతే. అయినా ఇందులోకి కోహో, షినూక్, శీతాకాలపు స్టీల్‌హెడ్, కట్‌త్రోట్ ట్రౌట్ అన్నీ సముద్రం నుంచి ఎక్కుతాయి.

మనకు ఏటెక్కే చేప అంటే పులస. సముద్రంలో ఇలస, ఎర్రనీటికి ఎదురీది గోదావరి ఎక్కితే పులస. కోహోదీ ఆ బతుకే, కాకపోతే రెండు తేడాలున్నాయి. మొదటిది, కోహో పుట్టిన ఏటికే, చాలావరకు పుట్టిన పాయకే తిరిగొస్తుంది. రెండోది, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, తిరుగు ప్రయాణం లేదు. శీతాకాలంలో పెట్టిన గుడ్లు వసంతానికి పిల్లలై రాళ్ల సందుల్లోంచి బయటికొస్తాయి. ఒక ఏడాది ఏట్లోనే పెరిగి, మరుసటి వసంతంలో వెండిరంగు తిరిగి సముద్రానికి పోతాయి. ఈ దశను స్మోల్ట్ అంటారు. ఏడాదిన్నర సముద్రంలో తిని, మూడో ఏట వెనక్కొస్తాయి. 2009 శరదృతువులో గుడ్లు పెట్టిన చేపల సంతానం 2012 శరదృతువులో ఏటెక్కుతుందన్నమాట. ఈ మూడేళ్ల లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

"సీడ్ ఆపేశారా?"

కాకినాడ దగ్గర రొయ్యల హేచరీలో చాలాకాలం పనిచేసిన మా బాబాయ్‌కి నా ఉద్యోగం గురించి ఫోన్లో చెబుతుంటే ఆయన ఒకచోట ఆపేశాడు.

"ఉండవే. చేపలు తగ్గిపోతున్నాయని చెప్పి పిల్లల్ని వదలడం మానేశారా? ఇల్లు కారుతోందని కప్పు పీకేసినట్టుంది."

"చెరువులో నువ్వు సీడ్ వేస్తావు, పట్టేస్తావు, ఎండగడతావు. మళ్లీ కొత్త సీడ్. పాత రొయ్య కొత్త రొయ్యను పెళ్లాడదు కదా బాబాయ్. ఇక్కడ హేచరీ చేప ఏటి చేపను పెళ్లాడుతుంది."

"ఆడితే ఏమయిందట?"

అయిందేమిటో చెప్పడానికి ఆ రోజు అరగంట పట్టింది. ఇక్కడ రాయడానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

ఈ ఏటి మీద హేచరీ 1970ల మధ్యలో వచ్చింది. పోటు అందే చోటుకు కొంచెం ఎగువన అడ్డకట్టు, దాని పక్కన చేపల్ని పట్టే తొట్టి, షెడ్లు. ఏటెక్కిన చేపల్ని పట్టి, గుడ్లు తీసి, పొదిగించి, మేత పెట్టి, ఏడాది పెంచి, స్మోల్టులుగా ఏట్లోకి వదిలేవారు. అప్పట్లో ఒరెగాన్ తీరమంతటా ఇదే పద్ధతి. ప్రభుత్వ హేచరీలకు తోడు ప్రైవేటు కంపెనీలు కూడా దిగి, సముద్రాన్నే మేత బీడుగా లెక్కేసి కోట్ల సంఖ్యలో పిల్లల్ని వదిలిన రోజులవి. సముద్రంలో మేత పుష్కలంగా ఉన్నంతకాలం అందరూ తెలివైనవాళ్లలాగే కనిపించారు.

1977 ప్రాంతంలో పసిఫిక్ తిరగబడింది. ఈ తీరంలో వేసవి గాలులు పైనీటిని తోసేస్తే అడుగునుంచి చల్లటి, ఎరువున్న నీరు పైకొస్తుంది. ఆ నీటిమీదే చిన్న పిల్లలు బతుకుతాయి. ఆ పొంగు బలహీనపడేసరికి వదిలిన పిల్లల్లో తిరిగొచ్చేవి ఒక్కసారిగా పడిపోయాయి. తగ్గాయి కాబట్టి ఇంకా ఎక్కువ వదిలారు. ఎక్కువ వదిలినా రాలేదు.

అయితే అసలు దెబ్బ సముద్రం కొట్టింది కాదు, వేట కొట్టింది. హేచరీకి గుడ్లు నింపుకోవడానికి తిరిగి రావలసిన చేపలు చాలా తక్కువ. వందలో పది వచ్చినా షెడ్డు నిండుతుంది. కాబట్టి మిగతా తొంభైని సముద్రంలో పట్టేసుకోవచ్చు. ఏట్లో పుట్టిన చేపకు ఆ లెక్క కుదరదు. కానీ సముద్రంలో గాలానికి ఏది హేచరీదో ఏది ఏటిదో తెలీదు. 1960ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు ఒరెగాన్ కోహో మీద వేట 60 నుంచి 90 శాతం మధ్య నడిచింది. హేచరీ చేప తట్టుకునే వేటను ఏటి చేప మీద రుద్దినట్టయింది. హేచరీలు చేపల్ని చంపాయని నేననను. హేచరీ చేపలు ఉన్నాయన్న ధీమా చంపింది.

ఇక ఏటి లోపల జరిగింది వేరు. షెడ్డులో పనిచేసేవాడి స్థానంలో నిలబడి చూడండి. అక్టోబరులో వర్షం పడగానే మొదటి చేపలు వచ్చాయి. తొట్టెలు ఖాళీగా ఉన్నాయి. తర్వాత వస్తాయో రావో తెలీదు. వచ్చినవాటి నుంచి గుడ్లు తీసేస్తాడు. తొట్టెలు నిండాక డిసెంబరులో వచ్చినవాటితో పనిలేదు. ఇందులో ఎవరి కుట్రా లేదు, జాగ్రత్తే ఉంది. కానీ ముందొచ్చిన చేపకు పుట్టింది కూడా ముందే వస్తుంది. పది తరాలు ఇలా నడిస్తే మొత్తం మందే ముందుకు జరిగిపోతుంది. అలా ముందొచ్చి ఏట్లో గుడ్లు పెట్టినవాటి గుంటల మీదుగా డిసెంబరు వరద పొర్లుతుంది. గులకరాళ్లతో సహా గుడ్లు కొట్టుకుపోతాయి. ఏటి చేపలు నవంబరు నుంచి జనవరి చివరిదాకా విడతలు విడతలుగా రావడం వెనక ఉన్న కారణం ఇదే. ఏ వరద ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు కాబట్టి అందరూ ఒకే వారంలో పెట్టరు. మన రైతులు ఉన్న విత్తనమంతా ఒక్క వానకే చల్లేయరు కదా, అలాగే.

బాబాయ్ ఇక్కడ "ఊఁ" అన్నాడు.

లెక్కలో తేడా

చేపల సంరక్షణలో ఎవరూ ఇష్టంగా చదవని భాగం లెక్కపెట్టడం. నాకు మాత్రం మొత్తం కేసులో ఇదే కీలకంగా కనిపిస్తుంది, అందుకని కాసేపు ఇక్కడే ఉంటాను.

1950ల నుంచి ఒరెగాన్ తీరంలో కొన్ని నిర్ణీత పాయల్లో ఏటా నడిచి చేపల్ని లెక్కపెట్టేవారు. ఆ పాయల్ని మొదట ఎంచుకున్నవాళ్లు చేపలు కనిపించే చోట్లే ఎంచుకున్నారు. ఎవరైనా అదే చేస్తారు. తర్వాత ఆ సంఖ్యను తీరంలోని అన్ని మైళ్లకూ గుణించి మొత్తం చెప్పేవారు. అంటే ఊళ్లో బాగా పండే పది ఎకరాలు చూసి మండలం దిగుబడి రాసినట్టు. 1990లో చీటీలు తీసినట్టుగా యాదృచ్ఛికంగా పాయల్ని ఎంచి నడవడం మొదలయ్యాక తెలిసింది, ఉన్నాయనుకున్న చేపలు నిజానికి ఉన్నవాటికి కొన్ని రెట్లు ఎక్కువగా రాసుకున్నారని. ఆ దశాబ్దపు చెడ్డ ఏళ్లలో తీరం మొత్తం మీద ఏట్లో పుట్టి తిరిగొచ్చిన కోహో ఇరవై వేల చిల్లర.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. కంప్యూటర్ మ్యాపు మీద ఎంచిన సుమారు మైలు పొడవు ముక్కలు. సీజన్ పొడవునా ప్రతి ముక్కనూ పది రోజులు దాటకుండా నడవాలి. బతికున్న చేపల్ని లెక్కపెట్టాలి. చచ్చినవాటిని బయటికి లాగి పొడవు కొలిచి, పొలుసులు తీసి, కొవ్వు రెక్క ఉందో లేదో చూసి, మళ్లీ లెక్కలోకి రాకుండా తోక కోసి అక్కడే వదిలేయాలి. అన్ని రోజుల లెక్కల్నీ గీతగా గీసి, గీత కింది వైశాల్యాన్ని ఒక కోహో గుంటల దగ్గర సగటున బతికే 11.3 రోజులతో భాగిస్తే మొత్తం వస్తుంది. ఒకే చేపను రెండుసార్లు లెక్కేశామేమో అన్న భయం ఆ భాగహారంతో తీరుతుంది.

కొవ్వు రెక్క అంటే వెన్నుమీద తోకకు దగ్గరగా ఉండే ముళ్లు లేని చిన్న రెక్క. మన జెల్లలకు కూడా ఉంటుంది. హేచరీ పిల్లలకు వదిలేముందు దాన్ని కత్తిరిస్తారు, మళ్లీ మొలవదు. 1990ల చివరికి హేచరీ కోహో అన్నింటికీ దాదాపు ఇది చేశారు. అప్పటినుంచి సముద్రంలో గాలమేసేవాడు రెక్క లేనిదాన్ని ఉంచుకుని, ఉన్నదాన్ని వదిలేసే నియమం వచ్చింది. మాకూ చచ్చిన చేపను తిప్పిచూస్తే చాలు, షెడ్డులో పుట్టిందో రాళ్లలో పుట్టిందో తెలిసిపోయేది. సాల్మన్ రివర్‌లో అలా తిప్పిచూసినప్పుడు బయటపడ్డ సంగతి ఏమిటంటే, ఏట్లో గుడ్లు పెడుతున్న కోహోల్లో ఎక్కువభాగం షెడ్డు చేపలే. ఏరు నిండుగా కనిపించింది. ఏటి సొంత చేపలు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేలా ఉన్నాయి.

కోర్టు, ప్రణాళిక, నిర్ణయం

ఈ భాగం త్వరగా చెప్పేస్తాను. 1994లో ఒరెగాన్ దక్షిణ, మధ్య తీరంలో సముద్రంలో పట్టిన కోహోను ఉంచుకోవడం పూర్తిగా ఆపేశారు. 1997లో రాష్ట్రం సొంత ప్రణాళిక తెచ్చింది. 1998లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒరెగాన్ తీర కోహోను అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. అదే రోజుల్లో ఇదే తీరంలోని అల్సీ నది హేచరీలో మిగులు కోహోను కర్రలతో కొట్టి చంపుతున్న వీడియో బయటికొచ్చి జనం మండిపడ్డారు. ఒకపక్క చేపలు లేవంటూ మరోపక్క చంపుతారా అని. ఆ చేర్పు చెల్లదని దావా పడింది. 2001లో జడ్జి మైకేల్ హోగన్, హేచరీ చేపల్ని ఒకే గుంపులో భాగమని చెబుతూనే రక్షణ నుంచి మినహాయించడం చట్టప్రకారం చెల్లదని ఆ చేర్పును కొట్టేశారు. మళ్లీ 2008లో జాబితాలోకి వచ్చింది.

దావా వేసినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. చేపను చేతిలో పట్టుకుని ఇది చేప కాదని ఎవరికి చెప్పగలం? వాదం తేలాల్సింది చేతిలో ఉన్నదాని గురించి కాదు, దాని మనవల గురించి. కోర్టుకు ఆ వాదన అందేలా చెప్పడం కష్టం.

వేట నియమాన్ని మాత్రం తెలివిగా రాశారు. ఎంత పట్టొచ్చు అన్నది ఒకే సంఖ్య కాదు, పట్టిక. ఒకవైపు తల్లిదండ్రుల తరంలో ఎన్ని చేపలు గుడ్లు పెట్టాయి, రెండోవైపు సముద్రంలో బతుకు ఎలా ఉంది. రెండూ చెడ్డగా ఉంటే 8 శాతం లోపు, రెండూ బాగుంటే 45 శాతం దాకా. మంచి రోజులొచ్చాయని ఎవరో అనుకుంటే సరిపోదు, పట్టికలోని రెండు గీతలూ ఒప్పుకోవాలి.

2007లో రాష్ట్రం కోహో సంరక్షణ ప్రణాళికను ఖరారు చేసింది. సాల్మన్ రివర్ కోహోకు ప్రధాన అడ్డంకి హేచరీయేనని అప్పటికే అంచనాలు చెప్పాయి. ఆ వసంతంలో వదిలిన కోహో స్మోల్టులే ఆఖరివి. వాటిలో బతికినవి 2008లో తిరిగొచ్చాయి. 2009 నుంచి ఏటెక్కినవన్నీ, దారితప్పి పొరుగు నదుల నుంచి వచ్చే కొద్దింటిని మినహాయిస్తే, ఏట్లో పుట్టినవే.

గట్లు తీసిన పర్ర

హేచరీ ఆపడం కేసులో సగమే. మిగతా సగం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ముప్పై ఏళ్ల ముందే మొదలైంది. ఆ పని చేసినవాళ్ల మనసులో కోహో లేనే లేదు.

సాల్మన్ రివర్ మొగ దగ్గర పోటు నీరు పరుచుకునే పర్ర భూమి ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో అందులో చాలా భాగానికి గట్లు పోసి, ఒకవైపే తెరుచుకునే తలుపు తూములు బిగించి, ఉప్పునీరు రాకుండా చేసి పశువుల మేతకు వాడారు. ఒక మూలన 1969లో పిక్సీల్యాండ్ అని పిల్లల వినోద పార్కు కూడా పెట్టారు. బొమ్మ రైలు, నాటకశాల, అన్నీ. కొన్నేళ్లకే మూతపడింది. బురద మీద ఎవరి ఆశ ఎంతకాలం నిలుస్తుందో ఆ మొగకు బాగా తెలుసు.

1974లో అమెరికా కాంగ్రెస్ ఈ కొండనూ మొగనూ కలిపి కాస్కేడ్ హెడ్ సుందర పరిశోధన ప్రాంతంగా చట్టం చేసింది. గట్లు లేనప్పటి స్థితికి మొగను తీసుకెళ్లాలన్నది ఆ చట్టం కింద పెట్టుకున్న లక్ష్యం. అటవీ శాఖ 1978లో ఒక గట్టు, 1987లో మరొకటి, 1996లో మూడోది తీసేసింది. పిక్సీల్యాండ్ గట్టూ తూమూ ఇంకా తర్వాత పోయాయి. గట్టు ఎప్పుడూ పోయని పర్ర ముక్క ఒకటి పక్కనే ఉంది. అంటే ఎవరూ ప్లాన్ చేయకుండానే ఒక ప్రయోగశాల తయారైంది: ఏ మచ్చా లేని పర్ర ఒకటి, వేర్వేరు వయసుల్లో విడుదలైన పర్రలు మూడు, ఒకే ఏరు, ఒకే చేపలు.

గట్టు వెనక ఎండిన నేల కుంగిపోతుంది. నీరు నిండి ఉన్నన్నాళ్లు కుళ్లకుండా ఉన్న మొక్కల పీచు గాలి తగలగానే కరిగిపోతుంది, పశువుల కాళ్లు తొక్కి అణుస్తాయి. గట్టు తీశాక పోటు వచ్చినప్పుడు ఆ నేల పాత మట్టానికి బాగా కిందుంది. అందుకని పాత ఎత్తు పర్ర మొక్కలు రాలేదు, తక్కువ మట్టంలో పెరిగే లింగ్బీ తుంగ కమ్మేసింది. చట్టం కోరింది పాత పర్రను. వచ్చింది వేరే పర్ర. కానీ కాలువలు తిరిగి తెరుచుకున్నాయి, పోటుతో లోపలికి పోయి పాటుతో బయటికొచ్చే చిన్న చేపలకు మేత దొరికింది. పాత బొమ్మ అచ్చుగుద్దినట్టు రాలేదని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్లలు లోపలికి పోగలిగాయా, కడుపు నింపుకున్నాయా అన్నదే నాకు లెక్క.

ఈ కేసులో నన్ను ఎక్కువగా మార్చిన సంగతి ఇక్కడిదే. కోహో పిల్ల ఏడాదంతా మంచినీటి పాయలోనే పెరుగుతుందని పుస్తకాల మాట. వసంతంలోనే మొగవైపు కొట్టుకొచ్చే చిన్న పిల్లలు చోటు దొరక్క తరిమేయబడ్డవి, ఉప్పు తగిలి చస్తాయి అనుకునేవారు. వాటికి దేశదిమ్మరులని పేరు కూడా పెట్టారు. మన అలివి వల లాంటి వలను పర్ర కాలువల్లో లాగుతూ, పిల్లల పొట్టలో చిన్న గుర్తులు పెడుతూ, తిరిగొచ్చిన పెద్ద చేపల చెవి లోపల ఉండే చిన్న రాళ్లను, అంటే చెవిరాళ్లను, కోసి చూశారు పరిశోధకులు. చెవిరాయి చెట్టు మానులా పొరలు పొరలుగా పెరుగుతుంది. ఉప్పునీటిలో గడిపిన రోజుల పొరలో స్ట్రాన్షియం అనే లోహం ఎక్కువ చేరుతుంది. అలా చూస్తే, గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చిన కోహోల్లో 20 నుంచి 35 శాతం చిన్నప్పుడు మొగలో పెరిగినవే. దిమ్మరులని కొట్టేసినవి ఏటికి మూడోవంతు దాకా మోస్తున్నాయి.

కొన్ని వసంతంలోనే మొగకు దిగి అక్కడే వేసవి గడుపుతాయి. కొన్ని దిగి, శీతాకాలానికి మళ్లీ మంచినీటికి ఎక్కి, ఇంకో వసంతానికి సముద్రానికి పోతాయి. కొన్ని పాత పుస్తకం ప్రకారమే నడుచుకుంటాయి. పైపాయల్లో వేసవి ఎండకు నీరు వేడెక్కిన ఏడు మొగ పిల్లలు ఆదుకుంటాయి. మొగలో చెడ్డ ఏడు పైపాయవి ఆదుకుంటాయి. స్మోల్టు దశకు పెంచి వదిలిన హేచరీ పిల్లకు ఈ దారులేవీ తెలియవు. రెండు మూడు వారాల్లో మొగ దాటిపోతుంది.

ఆపాక ఏమైంది

నేను ఈ తీరంలో నడవడం మొదలుపెట్టింది హేచరీ కోహో వెళ్లిపోయాకే. మొదటి రెండు శీతాకాలాలూ ఊళ్లో మాట ఒకటే: "చేపలు కనిపించట్లేదు, ఏరు చంపేశారు." అక్టోబరులో హేచరీ కట్టు దగ్గర గుంపులు గుంపులుగా నిలబడే చేపలు లేవు కాబట్టి అలా కనిపించడం సహజమే. చేపలు లేక కాదు, అవి వేరే నెలలో, వేరే పాయల్లో ఉండబట్టి. మోకాలి లోతు చలినీళ్లలో డిసెంబరు, జనవరి నెలల్లో తిరిగేది మేమే తప్ప గాలాలవాళ్లు కాదు.

ఏడాదికేడాది లెక్కలు పేర్చి చూస్తే మూడు సంగతులు తేలాయి. ఏట్లో పుట్టిన చేపలు హేచరీ కాలం కన్నా పెరిగాయి. ఒక తల్లికి తిరిగొచ్చే పిల్లల నిష్పత్తి బాగుపడింది. గుడ్లు పెట్టే కాలం వెనక్కి జరిగి, వెడల్పయింది. ఆ మూడోది చూసి నాకే ఆశ్చర్యం. ముప్పై ఏళ్లు ముందుకు తోసుకుపోయిన క్యాలెండరు ఇంత తొందరగా వెనక్కి రావడమంటే, ఆలస్యంగా వచ్చే రకం పూర్తిగా పోలేదన్నమాట. ఎక్కడో పైపాయల్లో కొద్దిగా మిగిలే ఉంది. ఇంకో ఇరవై ఏళ్లు హేచరీ నడిచి ఉంటే మిగిలేదా? నా అనుమానం లేదనే.

ఇప్పుడు మెచ్చుకోలు ఆపి అనుమానాలు చెప్పాలి. 2009 తర్వాత సముద్రం కూడా బాగుంది. తీరం మొత్తం మీద ఏట్లో పుట్టిన కోహో 2011లో, 2014లో మూడున్నర లక్షల చొప్పున వచ్చాయి. హేచరీ ఎప్పుడూ లేని నదుల్లో కూడా పెరిగాయి. మరి సాల్మన్ రివర్ పెరుగుదలలో సముద్రం వాటా ఎంత, హేచరీ ఆపిన వాటా ఎంత? అందుకే పొరుగు నదుల్ని పక్కన పెట్టుకుని పోల్చారు. సముద్రం అందరికీ ఇచ్చినదాన్ని తీసేసినా సాల్మన్ రివర్‌కు అదనంగా మేలు కనిపించింది. గుడ్లు పెట్టే కాలం మారడాన్నయితే సముద్రం ఖాతాలో వేయడం కుదరదు. ఆ తర్వాత ఉత్తర పసిఫిక్‌లో వేడినీటి ముద్ద కూర్చుంది. 2015లో తీరం మొత్తం మీద అరవై వేలు కూడా రాలేదు. ఒకే ఏడాదిలో ఆరో వంతుకు. ఈ పనిలో ఎవరైనా ఒక మంచి ఏడు చూపించి గెలిచామంటే నేను 2015 సంఖ్య రాసి చూపిస్తాను.

మొదటి మంచి ఏడు చూసి తొందరపడకూడదనే మూడేళ్ల లెక్క గుర్తుంచుకోమన్నాను. కోహోలో మూడు వరసలు పక్కపక్కనే నడుస్తాయి, ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు. హేచరీ లేని తల్లుల తొలి సంతానం 2012లో వచ్చింది, రెండో వరసది 2013లో, మూడోది 2014లో. అంతకుముందు ఏడు ఎంత బాగున్నా, ఆపడం వల్ల వచ్చిన ఫలితంగా రాయడానికి లేదు.

నష్టం కూడా రాయాలి. అక్టోబరు వారాంతాల్లో హేచరీ కోహో కోసం వచ్చే జనం లేరు. ఊళ్లో ఎర అమ్మే కొట్టుకు, మోటెలుకు అది తెలుస్తుంది. తీరంలో కొన్ని నదుల్లో మంచి ఏళ్లలో ఏటి కోహోను పరిమితంగా పట్టుకోనిచ్చారు గానీ, ఒక కుటుంబం చలిపెట్టె నింపుకునేంత కాదు. నాతో జనవరిలో మాట్లాడిన పెద్దాయన మనవణ్ని గాలానికి తీసుకురావడం మానేశానన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అన్ని హేచరీలూ మూసేయాలని ఈ కేసు నుంచి ఎవరైనా లాగితే అది నా మాట కాదు. కోహో ఆపాక కూడా ఇదే షెడ్డులో షినూక్ పెంపకాన్ని కొనసాగించారు, ఏటా రెండు లక్షల దాకా. ప్రతి పిల్ల ముక్కులో మిల్లీమీటరు పొడవున్న గుర్తు తీగ ఉంటుంది. ఈ షినూక్ ఉత్తరానికి పోయి కెనడా, అలాస్కా నీళ్లలో పట్టుబడతాయి. అమెరికా, కెనడాల మధ్య 1985 సాల్మన్ ఒప్పందం కింద ఒరెగాన్ ఉత్తర తీరపు షినూక్ మీద వేట ఎంత పడుతోందో కొలవడానికి ఈ ఏటి గుర్తు చేపలే కొలబద్ద. ఇవి లేకపోతే ఏటి షినూక్ గురించి వాదించడానికి చేతిలో అంకె ఉండదు. ఒకే కప్పు కింద ఒక చేపకు ఆపడం సరైంది, ఇంకో చేపకు నడపడం సరైంది.

స్టీల్‌హెడ్ దగ్గర ఈ లెక్క కుదరదు

కోహో అయిపోయాక ఫిబ్రవరి నుంచి మే దాకా అవే పాయలు మళ్లీ నడుస్తాం, ఈసారి స్టీల్‌హెడ్ కోసం. ఇది రెయిన్‌బో ట్రౌటే, సముద్రానికి పోయొచ్చిన రకం. ఏట్లో రెండేళ్ల దాకా పెరుగుతుంది, గుడ్లు పెట్టాక చావక కొన్ని తిరిగి సముద్రానికి పోతాయి, మళ్లీ వస్తాయి. చచ్చిన చేపలు దొరకవు కాబట్టి తోక కోయడాలు, పొలుసులు తీయడాలు ఉండవు. బతికున్నవి మనిషి నీడ పడగానే మాయం. అందుకని చేపను కాక గుంటను లెక్కపెడతాం. తాజాగా తవ్విన చోట రాళ్లు పాచి లేకుండా తెల్లగా మెరుస్తాయి, దిగువన కుప్ప పడుతుంది. గుర్తుకు రంగు రిబ్బను కొమ్మకు కట్టి, పదిహేను రోజులకు మళ్లీ వస్తాం.

మొదటి ఏడాది ఏప్రిల్లో నేను గర్వంగా రాసుకున్న గుంటల్లో కొన్ని స్టీల్‌హెడ్‌వి కావు, పాములా పొడుగ్గా ఉండే లాంప్రే అనే చేపవి. లాంప్రే నోటితో రాయిని కరుచుకుని పక్కకు పెడుతుంది, అందుకని గుంట గిన్నెలా గుండ్రంగా, రాళ్లు ఎగువ అంచున కూడా పేర్చి ఉంటాయి. స్టీల్‌హెడ్ తోకతో కొడుతుంది కాబట్టి రాళ్లన్నీ దిగువకే పోతాయి. తెలిసిన చేయి పక్కనుంచి చూపించేదాకా నాకు తట్టలేదు. ఆ ముక్క లెక్క మొత్తం తిరగరాశాను. అప్పటినుంచి కొత్తగా చేరినవాళ్లను నేను మొదట తీసుకెళ్లేది లాంప్రే గుంట దగ్గరికే.

స్టీల్‌హెడ్‌కు వెనక ఉన్న లెక్కల చరిత్ర కోహోదంత పొడవు కాదు. ఒరెగాన్ తీరంలో షినూక్, చమ్, స్టీల్‌హెడ్, కట్‌త్రోట్‌లకు కలిపి రాష్ట్రం ప్రణాళిక తెచ్చిందే 2014లో. అందులో కొన్ని నదుల్ని ఏటి చేపలకే వదిలి, హేచరీని మరికొన్నింటికి పరిమితం చేశారు. అన్నిచోట్లా కొంచెం కొంచెం వదలడం కన్నా ఇది మేలని సాల్మన్ రివర్ చూశాక నాకు అనిపిస్తుంది. స్టీల్‌హెడ్‌లో తరం పొడవు మూడు నుంచి ఆరేళ్లు, వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కోహోలో మూడేళ్లకు తెలిసింది దీంట్లో పదేళ్లకు గానీ తెలియదు.

మొన్న ఫోన్లో బాబాయ్ అడిగాడు, "మీ ఏటి చేప ఇప్పుడు ఏ నెల వస్తోందే?" అని. నవంబరు నుంచి జనవరి చివరిదాకా వస్తూనే ఉంటాయన్నాను. "మా రోజుల్లో పులస కూడా అంతే, మొదటి ఎర్రనీటికి కొన్ని, తర్వాత కొన్ని" అని ఎవరెవరి వలలో ఎప్పుడు పడిందో పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.